ఇంటి పనికీ లెక్క ఉంది: అమ్మ యాక్సిడెంట్ కేసులో నా అనుభవం

2022 మే నెలలో చిలకలూరిపేటకూ ఒంగోలుకూ మధ్య హైవే మీద అమ్మా నాన్నా వెళ్తున్న బైకును వెనక నుంచి ఒక కారు గుద్దింది. నాన్న భుజం కమిలింది, మోచేతులు గీరుకుపోయాయి. వెనక కూర్చున్న అమ్మకు కుడికాలు తొడ దగ్గరా, మోకాలి కిందా రెండుచోట్ల విరిగింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. కేసు వేయడం, తీర్పు రావడం, డబ్బు ఖాతాలో పడడం అన్నీ కలిసి దాదాపు మూడేళ్లు పట్టింది. మొదటి కాగితం నుంచీ ఆ ఫైలు నేనే చూసుకున్నాను.

తెలిసినవాళ్లంతా ముందు అడిగేది "ఎంత వచ్చింది?" అనే. ఆ లెక్క కూడా చెబుతాను. కానీ దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పల్లెటూళ్లో ఇంట్లో ఉండే ఆడమనిషి పొద్దున నాలుగున్నరకి లేచి రాత్రి పది దాకా చేసే పని ఏ కాగితం మీదా ఉండదు. పాల డబ్బు భర్త పేరు మీద పడుతుంది, పొలం మామగారి పేరు మీద ఉంటుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ తరఫు లాయరు లేచి "ఈమెకు ఆదాయమే లేదు, కాబట్టి నష్టం కూడా లేదు" అంటాడు. మా కేసు మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

ముందు ఆసుపత్రి సంగతి. 108లో తీసుకెళ్లినప్పుడు అక్కడ మావాళ్లెవరూ లేరు. నాన్న షాక్‌లో ఉన్నారు. ఎవరు చెప్పారో ఏమో, క్యాజువాలిటీ రిజిస్టరులో "బైక్ స్కిడ్ అయి పడ్డారు" అని రాశారు. నేను హైదరాబాద్ నుంచి తెల్లారేసరికి చేరుకున్నాను. కేస్ షీట్ చదువుతుంటే ఆ ముక్క కనిపించింది. వెంటనే డ్యూటీ డాక్టర్ని కలిసి, వెనక నుంచి కారు గుద్దిందని అమ్మ స్పృహలోనే చెబుతోంది, ఆ మాట కూడా రాయండి అని అడిగాను. రాసినదాన్ని కొట్టేయడం కుదరదన్నారు, అది న్యాయమే. కానీ మరుసటి నోట్స్‌లో "పేషెంట్ చెప్పిన ప్రకారం కారు ఢీకొని" అని తేదీ, టైమ్ వేసి రాశారు. ఆ రోజే పోలీసులు ఆసుపత్రికి వచ్చి అమ్మ స్టేట్‌మెంట్ తీసుకునేలా చూశాం. రెండేళ్ల తర్వాత బీమా లాయరు సరిగ్గా ఆ "స్కిడ్" అన్న మాటనే పట్టుకున్నాడు. కింద రాసిన నోట్స్ లేకపోతే మా పరిస్థితి ఏమయ్యేదో. అందుకే ఎవరికైనా యాక్సిడెంట్ అయిందని ఫోన్ వస్తే నేను ముందు ఆ రిజిస్టరులో ఏం రాశారో చూడమంటున్నాను.

కారు ఆగింది, అది మా అదృష్టం. పక్కనే టీకొట్టు దగ్గరున్నవాళ్లు నంబరు రాసుకున్నారు. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే బండికి బీమా ఏ కంపెనీది, ఎప్పటిదాకా ఉందీ కనిపిస్తుంది. పాలసీ అమల్లో ఉందని తెలిశాక సగం టెన్షన్ తగ్గింది.

ఆ తర్వాత రాజీ మాటలు మొదలయ్యాయి. కారు వాళ్ల తరఫున ఇద్దరు పెద్దమనుషులు ఆసుపత్రికి వచ్చారు. ఇరవై వేలు ఇస్తాం, కేసు లేకుండా చూసుకుందాం, కుర్రాడి భవిష్యత్తు పాడవుతుంది అన్నారు. స్టేషన్‌లో ఒకాయన కూడా "కోర్టుల చుట్టూ ఏం తిరుగుతావమ్మా" అన్నాడు. నాన్న మెత్తటి మనిషి, ఆయనకు మొహమాటం. నేను ఆ కారు యజమానితోనే నేరుగా మాట్లాడాను. "మీరు జేబులోంచి కట్టక్కర్లేదండీ, ఇందుకే కదా మీరు ఏటా ప్రీమియం కట్టేది. మీ లైసెన్సు, ఆర్‌సీ, పాలసీ సక్రమంగా ఉంటే పరిహారం బీమా కంపెనీ కడుతుంది" అని చెప్పాను. ఆయనకు అది నిజంగానే తెలియదు. ఆ తర్వాత కాగితాలన్నీ ఆయనే తెచ్చి ఇచ్చాడు. కేసు పెట్టడమంటే ఎదుటివాడి మీద పగ తీర్చుకోవడమని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. దానివల్ల ఎంతమంది ఐదు వేలకీ పది వేలకీ సరిపెట్టుకుంటున్నారో తలచుకుంటే బాధేస్తుంది.

ఎఫ్ఐఆర్ మూడో రోజున అయింది. ఆలస్యం అయిందని కంగారుపడ్డాం. కానీ ఎఫ్ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని, గాయపడ్డవాళ్లను బతికించుకోవడమే ఇంటివాళ్ల మొదటి పని అని సుప్రీంకోర్టు 2011లో రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో స్పష్టంగా చెప్పింది.

2022 ఏప్రిల్ 1 నుంచి రూల్స్ మారాయి. ఆ తేదీ తర్వాత జరిగిన ప్రమాదాలకు పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు తయారుచేసి క్లెయిముల ట్రిబ్యునల్‌కు, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టుకు పంపాలి. మా ప్రమాదం అప్పటికి కొత్తగా వచ్చిన ఆ రూల్స్ కిందికే వస్తుంది. కానీ మా స్టేషన్‌లో ఆ ఫారాల గురించి అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాబట్టి అన్నీ మేమే అడిగి సంపాదించుకోవాల్సి వచ్చింది: ఎఫ్ఐఆర్, సీన్ పంచనామా, రఫ్ స్కెచ్, గాయాల సర్టిఫికెట్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, చివరికి ఛార్జిషీట్. రఫ్ స్కెచ్‌ని తేలిగ్గా తీసుకోకండి. మా కేసులో బైకు రోడ్డు ఎడమ అంచున పడి ఉన్నట్టూ, టైరు గీతలు దాని వెనక నుంచి ఉన్నట్టూ అందులో ఉంది. నాన్న హఠాత్తుగా కుడివైపు తిప్పారని బీమా వాళ్లు వాదించినప్పుడు ఆ ఒక్క కాగితమే జవాబు చెప్పింది.

అదే రూల్స్‌తో పాటు ఆరు నెలల గడువు కూడా మళ్లీ వచ్చింది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ పిటిషన్ వేయాలని 2019 సవరణ చట్టం చెబుతుంది. అంతకుముందు చాలా ఏళ్లు ఆ గడువు లేదు, అందుకే ఊళ్లో పాత అనుభవం ఉన్నవాళ్లు "నిదానంగా వేసుకోవచ్చులే" అంటారు. వాళ్ల మాట వినకండి. మేం అక్టోబరులో వేశాం.

లాయర్ని వెతకడం విసుగు పుట్టించే పని. అమ్మ ఇంకా వార్డులో ఉండగానే ఒకతను వచ్చి విజిటింగ్ కార్డు చేతిలో పెట్టి, "ఖర్చు మొత్తం మాదే, వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇవ్వండి చాలు" అన్నాడు. నాలుగైదు చోట్ల సంతకాలు పెట్టమని తెల్ల కాగితాలు కూడా తీశాడు. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారమే తప్పు. ఆ సంగతి తెలియక ఎన్నో కుటుంబాలు మూడో వంతు పోగొట్టుకుంటున్నాయి. మేం బాబాయికి తెలిసిన ఒక లాయరు గారి దగ్గరికి వెళ్లి, ఫీజు ముందే మాట్లాడుకుని, విడతలుగా ఇస్తామన్నాం. ఆ స్తోమత లేనివాళ్లకు జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఇది 1987 చట్టంలో ఉన్న హక్కు. అడిగేవాళ్లే తక్కువ.

ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలని లేదు. మనం ఉండే ఊరు ఏ ట్రిబ్యునల్ పరిధిలో ఉంటే అక్కడ వేయవచ్చు. పిటిషన్‌కు ఎం.వి.ఓ.పి. (మోటారు వాహన ప్రమాద పిటిషన్) అని నంబరు పడింది. డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ వరసగా ముగ్గురు ప్రతివాదులు. మొదటి ఇద్దరూ రాలేదు, ఎక్స్‌పార్టీ అయ్యారు, అంటే వాళ్లు లేకుండానే కేసు నడిచింది. పోరాటమంతా మూడో ప్రతివాదితోనే. 15 లక్షలు అడిగాం. ఎంత అడగాలో తేల్చుకోలేక రాత్రిళ్లు లెక్కలు వేసుకునేదాన్ని. అడిగినదానికంటే న్యాయమైన మొత్తం ఎక్కువ ఉంటే అదీ ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు నాగప్ప కేసులో చెప్పిందని లాయరు గారు అన్నాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

బీమా కంపెనీ కౌంటరు, అంటే రాతపూర్వక జవాబు వేసింది. అందులో మూడు మాటలున్నాయి. ఒకటి, తప్పు నాన్నది. రెండు, అమ్మ హెల్మెట్ పెట్టుకోలేదు. మూడు, ఆమె గృహిణి, ఆదాయం లేదు.

మొదటిదానికి జవాబు తేలికే. ఒకవేళ నాన్నదీ కొంత తప్పున్నా, వెనక కూర్చున్న అమ్మకు దాంతో సంబంధం లేదు. ఇద్దరు డ్రైవర్ల తప్పు వల్ల మూడో మనిషికి దెబ్బ తగిలితే, ఆ మనిషి మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని 2015లో ఖేన్యెయి కేసులో తీర్పు ఉంది. మన దగ్గర బైకు వెనక కూర్చుని వెళ్లే భార్యలూ తల్లులూ ఎంతమంది! ఈ సంగతి వాళ్లందరికీ తెలియాలి. రెండోది నిలబడనే లేదు, దెబ్బ తగిలింది కాలికి కదా. మూడోదాని దగ్గరే నాకు నిద్ర పట్టలేదు.

అమ్మ ఏం చేసేది? రెండు గేదెలు. పొద్దునా సాయంత్రం పాలు పిండడం, దాణా, పేడ తీయడం ఆమె పనే. పాల కేంద్రంలో పుస్తకం మాత్రం నాన్న పేరు మీద ఉంది. ఎండాకాలం ఉపాధి హామీ పనికి వెళ్లేది. మిరపకోతలప్పుడు కూలికి పోయేది. మా నాయనమ్మకు చూపు సరిగా ఆనదు, ఆమెకు స్నానం, మందులు, అన్నం పెట్టడం అన్నీ అమ్మే. వంట, బట్టలు, నీళ్లు చెప్పనక్కర్లేదు. ఇదంతా చేసే మనిషిని బీమా వాళ్లు ఒక్క వాక్యంలో "ఏ పనీ చేయని గృహిణి" అని రాశారు. కౌంటరు కాపీ చదివి నేను ఏడ్చాను. ఆ కోపమే తర్వాత కాగితాల కోసం తిరిగే ఓపికనిచ్చింది.

అమ్మ పేరు మీద ఏమేం ఉన్నాయో వెతకడం మొదలుపెట్టాను. ముందు దొరికింది ఉపాధి హామీ జాబ్ కార్డు. ఏ వారం ఎన్ని రోజులు పని చేసిందో, ఎంత డబ్బు ఖాతాలో పడిందో ఆ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. 2022-23లో మన రాష్ట్రంలో ఆ కూలి రోజుకు 257 రూపాయలు. తర్వాత డ్వాక్రా పుస్తకం. గేదె కొనడానికి గ్రూపులో తీసుకున్న అప్పు, నెలనెలా కట్టిన వాయిదాలు, ఒక్కటి కూడా తప్పలేదు. ఆదాయం లేని మనిషి ప్రతి నెలా అప్పు ఎలా కడుతుంది? పాల కేంద్రం పుస్తకం నాన్న పేరున ఉన్నా దాన్నీ వేశాం. పాలు తెచ్చి పోసేది అమ్మేనని కేంద్రం నడిపే ఆయన సాక్ష్యానికి వస్తానన్నారు. డ్వాక్రా గ్రూపు లీడర్ అక్క కూడా వచ్చింది. ప్రమాదం తర్వాత పాలు పిండడానికీ పేడ తీయడానికీ పెట్టుకున్న మనిషికి నెలనెలా ఇచ్చిన జీతం నోట్‌బుక్కులో తేదీలతో రాసి, ఆమెతో సంతకం పెట్టించి ఉంచాం. కొన్నాళ్లకు ఒక గేదెను అమ్మేశాం, ఆ రసీదు కూడా ఫైల్లో చేరింది.

మాకు ధైర్యమిచ్చిన తీర్పు ఒకటి ఉంది. 2014లో ఢిల్లీలో బైకు మీద వెళ్తున్న దంపతులను కారు ఢీకొని ఇద్దరూ చనిపోయారు. భార్య గృహిణి. ఆ కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందులో మన ఉమ్మడి కృష్ణా జిల్లా మనిషి జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా తన అభిప్రాయం రాశారు. 2019 జాతీయ సర్వే ప్రకారం ఇంట్లోవాళ్ల కోసం జీతం లేని పనుల మీద ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని ఆయన ఎత్తి చూపారు. ఇంటి పనికి విలువ లేదనే ఆలోచన తప్పనీ, కోర్టులు దానికి ఆదాయం లెక్కగట్టాలనీ, భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్ని కూడా కలపాలనీ రాశారు. నేను ఆ పేజీలు ప్రింట్ తీసి అమ్మకు తెలుగులో చెప్పాను. "అంత పెద్ద కోర్టులో వంట సంగతి మాట్లాడారా?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

అమ్మ బోనెక్కిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆమె చెప్పాల్సింది చీఫ్ అఫిడవిట్‌గా ముందే రాసి వేశారు, ఆ రోజు క్రాస్, అంటే ఎదుటి లాయరు ప్రశ్నలు మాత్రమే. మూడు కాళ్ల కర్ర పట్టుకుని నిలబడింది. జడ్జి గారు చూసి కుర్చీ వేయించారు. బీమా తరఫు లాయరు గొంతు పెంచలేదు, మర్యాదగానే అడిగారు.

"మీకు ఉద్యోగం ఏమీ లేదు కదమ్మా?"

"లేదండి."

"ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టరు. పాల పుస్తకం మీ పేరు మీద లేదు. నిజమేనా?"

"నిజమేనండి."

"అంటే మీకు సొంత ఆదాయం లేదు, ప్రమాదం వల్ల పోయిన ఆదాయం కూడా లేదని చెబుతున్నాను."

"అలా కాదండి. పాలు నేనే పిండేదాన్ని. గేదె దగ్గర గొంతుక్కూర్చోవాలి. ఇప్పుడు ఆ మోకాలు వంగదు. కింద కూర్చోలేను, బాసింపట్టు వేసుకోలేను. పొలంలో వంగితే లేవలేను. అత్తమ్మని ఎత్తలేను. డ్వాక్రా వాయిదా ఇప్పుడు నా కూతురు కడుతోందండి."

"బండి స్కిడ్ అయి పడ్డారని ఆసుపత్రిలో రాశారు?"

"నేను చెప్పలేదండి. మర్నాడు డాక్టరు గారు అడిగితే కారు గుద్దిందనే చెప్పాను. అది కూడా రాసుకున్నారు."

మా లాయరు గారు ముందు రోజు ఒక్కటే చెప్పారు. తెలియనిది తెలియదని చెప్పండి, జరిగింది జరిగినట్టు చెప్పండి, పెంచి చెప్పకండి అని. అమ్మ అలాగే చెప్పింది. సాక్ష్యం మొత్తం చదివి వినిపించాక సంతకం పెట్టింది.

డాక్టర్ని రప్పించడం దానికంటే కష్టమైంది. ఆపరేషన్ చేసిన సర్జన్ మంచివారే, కానీ కోర్టుకు వచ్చే తీరిక లేదు. వాయిదా మీద వాయిదా పడింది. చివరికి అడ్వొకేట్ కమిషనర్‌ని, అంటే కోర్టు తరఫున సాక్ష్యం రాసుకునే లాయర్ని వేయమని పిటిషన్ పెట్టాం. కమిషనర్ ఆసుపత్రికే వెళ్లి, రెండు వైపుల లాయర్ల ముందు డాక్టర్ సాక్ష్యం రాసుకున్నారు. ఈ దారి ఉందని ముందే తెలిసి ఉంటే చాలా నెలలు కలిసొచ్చేవి.

వైకల్యం శాతం దగ్గర చాలామంది పొరబడతారు. ప్రభుత్వాసుపత్రి మెడికల్ బోర్డు అమ్మ కాలికి 45 శాతం శాశ్వత వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చింది. అది కాలికి ఉన్న లెక్క. దానివల్ల సంపాదించే శక్తి ఎంత తగ్గిందనేది ట్రిబ్యునల్ విడిగా తేల్చాలి. రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. చెయ్యి పోతే గుమాస్తాకు జరిగే నష్టం వేరు, డ్రైవరుకూ వడ్రంగికీ జరిగే నష్టం వేరు. కాబట్టి మనిషి రోజూ ఏం పని చేసేదో, ఆ పనికి ఆ అవయవం ఎంత అవసరమో డాక్టర్ నోటా, సాక్షుల నోటా చెప్పించాలి. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో, గేదె దగ్గర కూర్చోవాలంటే ఎంత వంగాలో మా లాయరు గారు డాక్టర్ని అడిగారు. ఆ ప్రశ్న ఆయనకు తట్టినందుకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

బిల్లుల సంగతి కూడా చెప్పాలి. ఒరిజినల్స్ అన్నీ ఉంటేనే లెక్క. మందుల షాపు బిల్లుల మీద అక్షరాలు ఆరు నెలలకే మాసిపోతాయి. వచ్చిన రోజే జిరాక్స్ తీయించి, బిల్లుకు సంబంధించిన చీటీని దానికే పిన్ చేసి పెట్టాను. ఆసుపత్రి ఎస్టిమేట్ కాగితం పనికిరాదు, డబ్బు కట్టిన రసీదు కావాలి. మాకు మొత్తం 3,12,000 రుజువైంది.

మధ్యలో లోక్ అదాలత్‌లో బీమా కంపెనీ నాలుగున్నర లక్షలకు రాజీకి వచ్చింది. ఆపరేషన్ కోసం నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు, ఆ భారం చూసి ఆయన ఒప్పుకుందామన్నారు. ఇంట్లో పెద్ద గొడవే అయింది. లోక్ అదాలత్ చెడ్డది కాదు, చిన్న గాయాల కేసుల్లో త్వరగా తేలిపోతుంది. కానీ అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. నాలుగున్నర లక్షల్లో బిల్లులు తీసేస్తే అమ్మ కాలికీ, ఇకమీదట ఆమె చేయలేని పనికీ కలిపి లక్షన్నర కూడా మిగలదు. ఆ మాట చెప్పాక నాన్న ఇంకేం అనలేదు. బాబాయి కొంత సర్దాడు, నేను నా జీతం మీద లోన్ తీసుకుని వడ్డీ అప్పు తీర్చేశాను.

తీర్పు 2025 మొదట్లో వచ్చింది. తప్పు పూర్తిగా కారు డ్రైవరుదేనని తేల్చారు. అమ్మ ఆదాయం నెలకు 9,000గా తీసుకున్నారు. ఉపాధి కూలి రోజుకు 257 చొప్పున నెలకు 7,710, దానికి పాల పని కలిపి ఆ అంకెకు వచ్చామని తీర్పులోనే రాశారు. సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు పట్టిక ప్రకారం 41 నుంచి 45 ఏళ్ల వాళ్లకు గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే అంకె 14. సంపాదించే శక్తి 35 శాతం పోయిందన్నారు. ఆ లెక్కన 9,000 ఇంటూ 12 ఇంటూ 14లో 35 శాతం, అంటే 5,29,200. వైద్యం బిల్లులు 3,12,000. ఆరు నెలలు మంచం మీద ఉన్నందుకు 54,000. బాధకు 50,000, జీవితంలో కోల్పోయిన సౌకర్యాలకు 50,000, తోడు మనిషి, రవాణా, ఆహారం కలిపి 60,000, కాల్లోని రాడ్డు తీయించడానికి 30,000. మొత్తం 10,85,200. పిటిషన్ వేసిన రోజు నుంచి ఏడాదికి ఏడున్నర శాతం వడ్డీ.

డబ్బు చేతికి రావడం ఇంకో అంకం. బీమా కంపెనీ జమ చేయడానికి కొన్ని నెలలు తీసుకుంది. ఈ.పీ., అంటే తీర్పు అమలు చేయించమనే పిటిషన్ వేస్తామని నోటీసు పంపాక కదిలింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు పరిహారాన్ని నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాకే పంపించాలని చెప్పడంతో మా దగ్గర అమ్మ పాస్‌బుక్ వివరాలు తీసుకున్నారు. ఖాతా ఆమె ఒక్కదాని పేరు మీదే ఉండాలని నేను పట్టుబట్టాను. పాన్ కార్డు లేకపోతే వడ్డీ మీద టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) అప్పట్లో 20 శాతం పోయేదని తెలిసి, ముందే అమ్మకు పాన్ తీయించాం. కొంత మొత్తం వెంటనే ఇచ్చి, మిగతాది జాతీయ బ్యాంకులో ఎఫ్‌డీ చేయించారు. చదువు తక్కువ ఉన్నవాళ్ల డబ్బు ఎవరూ కాజేయకుండా కోర్టులు అలా చేస్తాయి. మా అవసరానికి అది కాస్త ఇబ్బందే అయినా, ఆ జాగ్రత్త ఎందుకో నాకు అర్థమైంది.

తీర్పులో ఒకటి మాత్రం మాకు సమ్మతం కాలేదు. ఇకమీదట పెరిగే ఆదాయాన్ని కలపలేదు. గాయపడి బతికినవాళ్లకు కూడా అది కలపాలని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, గృహిణులకు కలపాలని కీర్తి కేసులో ఉండనే ఉంది. సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం 40 నుంచి 50 ఏళ్ల మధ్య సొంత పని చేసుకునేవాళ్లకు అది 25 శాతం. మా లెక్కలో 1,32,300 తేడా. అవార్డు డబ్బు తీసుకున్నా, పెంచమని అప్పీలు చేసుకోవచ్చు, గడువు 90 రోజులు. నాన్న ఇక చాలన్నారు. అమ్మ మాత్రం "నా పని రేపటికి విలువ పెరగదా?" అని అడిగింది. అమరావతిలో హైకోర్టులో అప్పీలు వేశాం. ఎం.ఎ.సి.ఎం.ఎ. (ప్రమాద పరిహారం అప్పీలు) నంబరు పడింది, నోటీసులు వెళ్లాయి. ఇంకా విచారణకు రాలేదు.